తప్పిపోయినవాళ్ళ మైకు

నాకు మొహమాటం లేదని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. అది పొగడ్త కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆబిడ్స్‌లో చీరల దుకాణానికి వెళ్తే మా అమ్మ ముప్పై చీరలు విప్పించి, చివరికి "రంగులు మస్తున్నయ్ అన్నా, మా ఇంటాయన్ని తోల్కొని వస్త" అని లేచేది. మా నాన్న జన్మలో చీరల దుకాణం గడప తొక్కలేదు. ఆ సంగతి దుకాణదారుకూ తెలిసే ఉంటుంది. అయినా "తప్పకుండ రాండ్రి అమ్మా" అంటూ నవ్వుతూ చీరలు మడత పెట్టుకునేవాడు. ఒకసారి నేను మధ్యలో దూరి "నచ్చలేదని చెప్పొచ్చు కదమ్మా" అన్నాను. అమ్మ గిచ్చిన గిచ్చుడు పెద్ద పోస్టాఫీసు దాటేదాకా మండింది.

చివరికి ఆ నోటితోనే నాకు పని దొరికింది. మాది మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. చర్చిలో ఆదివారం వాక్యం నేనే చదివేదాన్ని, చివరి బెంచీదాకా వినిపించేది. తొంభైల మధ్యలో, డిగ్రీ అయిపోయి ఆబిడ్స్‌లో ఒక జాబ్ టైపింగ్ దుకాణంలో పగలంతా అర్జీలు టైపు కొడుతున్న రోజుల్లో, మా చర్చి పెద్ద ఒకాయన "నాంపల్లి ఎగ్జిబిషన్‌ల తెలుగు అనౌన్స్‌మెంట్లకు మనిషి కావాల్నంట, చేస్తవా" అని అడిగాడు. చలికాలంలో నెలన్నర పని, అదీ సాయంత్రాలు మాత్రమే. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

సాయంత్రం దుకాణం నుంచి బయటపడి, స్టేషన్ రోడ్డు మీదుగా నడుచుకుంటూ మైదానానికి చేరేసరికి ట్యాంకరు నీళ్ళు చల్లి పోయి ఉండేది. తడిసిన దుమ్ము వాసన, మిర్చి బజ్జీల నూనె వాసన, కాశ్మీరు శాలువాల పెట్టెలు తెరిచినప్పటి నాఫ్తలీన్ వాసన కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చలికాలం ట్రంకుపెట్టె తెరిస్తే నా మనసు అక్కడికే పోతుంది.

మా మైకు గది రేకుల షెడ్డు. ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక బెంచీ, ఓ మూల నీళ్ళ కుండ. ఉర్దూలో చెప్పే పెద్దాయన అప్పటికే ఇరవై ఏళ్ళుగా ఆ కుర్చీలో ఉన్నాడు. మెడకు బూడిదరంగు మఫ్లరు, జేబులో యాలకులు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని. తప్పిపోయిన పిల్లలు, పెద్దలు, పడిపోయిన స్వెటర్లు, అన్నీ మా దగ్గరికే వచ్చేవి. పిల్లల సంగతి సులువు. ఏడుస్తారు, పేరు చెప్తారు, బిస్కెట్ తింటారు. చిక్కంతా పెద్దవాళ్ళతోనే.

మా గది గుమ్మం ఎక్కిన పెద్దమనిషి ఎవరూ తాను తప్పిపోయానని చెప్పేవాడు కాదు. తప్పిపోయింది ఎప్పుడూ అవతలివాళ్ళే. బావమరిది తప్పిపోయాడు, వియ్యంకుడు తప్పిపోయాడు. ఒకాయన ఏకంగా తనతో వచ్చిన పదకొండు మందీ తప్పిపోయారన్నాడు. నేను నవ్వాపుకోలేక చాచా వైపు చూస్తే, ఆయన మాత్రం పెళ్ళిపత్రిక చదివినంత గంభీరంగా ఆ పదకొండు మందినీ మైకులో పిలిచాడు. తర్వాత నాతో అన్నాడు: "వాళ్ళు చెప్పినట్టే చెప్పు బిడ్డా. ఎవరు తప్పిపోయిన్రో తేల్చనీకి మనం కచ్చేరీల కూసోలే."

పేర్లు ఇంకో తంటా. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికేవారు కాదు. "మా పిల్లల నాయన" అంటే మైకులో ఎట్లా పిలవాలి? మగవాళ్ళు కూడా పెళ్ళాం పేరు పదిమందిలో చెప్పడానికి సిగ్గుపడేవారు. అందుకే చాచా బల్ల మీద చిత్తుకాగితం ముక్కలూ పెన్సిలూ పెట్టి ఉంచేవాడు. మగవాళ్ళు పేరు రాసి, కాగితం మడిచి, పరీక్షలో చీటీ అందించినట్టు అందించేవారు.

నా మొదటి యేడే, ఒక సాయంత్రం, అరవై అయిదు దాటిన పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. బషీర్‌బాగ్ నుంచి వచ్చామని, తాను రిటైరైన లెక్కల టీచరునని చెప్పాడు.

"మా ఇంట్లామె తప్పిపోయిందమ్మా. జర మైక్‌ల చెప్పు."

కాగితం మీద ఆమె పేరు రాసిచ్చాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎక్కడ విడిపోయారని అడిగాను. ఆయన ఆలోచించాడు. పాపడాల దగ్గర అన్నాడు, కాదు పిల్లల రైలు దగ్గర అన్నాడు. ఏ గేటు నుంచి వచ్చారంటే, కిటికీలోంచి చూస్తూ, "గేటు ఎటున్నది?" అని నన్నే అడిగాడు. నా నోరు ఊరుకుంటుందా?

"తప్పిపోయింది ఆమె కాదేమో సార్. మీరే తప్పిపోయినట్టున్నరు," అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. లేచి, వేగంగా మెట్లు దిగి జనంలోకి నడవబోయాడు. ఆ నడకలో ఎటు పోవాలో తెలియని తడబాటు నాకు అప్పుడు కనిపించింది. చాచా కుర్చీ తోసేసి పరిగెత్తి ఆయన చేయి పట్టుకున్నాడు.

"సార్, ఈ పిల్ల కొత్తది, దీనికి మాట్లాడరాదు. మేడంను మేం ఎతుకుతం. మీరు కూసోండ్రి, చాయ్ తెప్పిస్త. జనంల ఆడమనిషి, ఏడ తిరుగుతున్నదో ఏమో పాపం."

ఆ చివరి మాటకే ఆయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చాచా చూసిన చూపుకు నేను తల దించుకుని ఆమె పేరు మైకులో చదివాను. ఫలానా అమ్మగారు తప్పిపోయారు, వారి భర్త మైకు గది దగ్గర ఎదురుచూస్తున్నారు.

రెండు నిమిషాల్లో ఆమె వచ్చేసింది. పొట్టిగా, గుండ్రంగా, ముతక శాలువా కప్పుకుని, ఆయాసపడుతూ. ఆయన్ని చూసి, అందరికీ వినబడేట్టు, "ఔ, నేనే తప్పిపోయిన. గాజులు చూసుకుంట నిలబడ్డ, మీరు ఎటు పోయిన్రో చూస్కోలే. నాకు బుద్ధి లేదు," అంది.

"జర చూస్కొని నడువు," అని ఆయన మందలించాడు. ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది.

ఆయన చాయ్ తాగుతుండగా ఆమె నీళ్ళ కుండ దగ్గరికి వచ్చింది. నేను క్షమించమన్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"ముప్పై ఏండ్లు పిలగాండ్లకు లెక్కలు చెప్పిండు బిడ్డా. ఈడ తిరిగేటోళ్ళల్ల సగం మంది ఆయన దగ్గర చదువుకున్నోళ్ళే. దారి మర్సిపోతున్నడని నలుగురికి తెలుస్తదేమోనని రాత్రింబగళ్ళు అదే ఫికర్. నేను తప్పిపోయిన్నంటే నా ఇజ్జత్ ఏం పోతది? ఆడమనిషి తప్పిపోతే ఎవడు ఇంతగా చూస్తడు?"

"మరి ఇంత జనంలకు తోల్కరావుడు ఎందుకమ్మా?"

"ఉద్యోగంల చేరిన కాడికెల్లి ప్రతి యేడు వస్తున్నడు. వద్దంటే, ఎందుకు వద్దంటున్ననో ఆయనకు తెల్వదా?"

ఆ రాత్రి ఇంటికి పోయి అమ్మకు చెప్తే, "ఇప్పటికన్న నీకు బుద్ధి వచ్చిందా" అంది. వచ్చిందనే అనుకుంటాను.

మరుసటి యేడు వాళ్ళు వచ్చారు. ముందు ఆమె, సారును మెట్ల కింద నిలబెట్టి, ఒక్కతే గుమ్మంలో తల పెట్టి, "ఈ యేడు గూడ తప్పిపోతనేమో బిడ్డా" అని నవ్వి వెళ్ళింది. గంట తర్వాత సారు వచ్చి కాగితం రాసిచ్చాడు. నేను చదివాను. ఆమె ఆయాసపడుతూ వచ్చింది, తన బుద్ధిని తానే తిట్టుకుంది. ఆ పైయేడూ అంతే. అంతా ఒక నాటకంలా జరిగిపోయేది, చాచా వాళ్ళకోసం ముందే యాలకులు తీసి పెట్టేవాడు. వాళ్ళు ఎప్పుడొస్తారా అని నేను జనవరి అంతా ఎదురుచూసేదాన్ని.

మూడో యేడో నాలుగో యేడో, కిటికీలోంచి ఒక సంగతి చూశాను. సారు రంగులరాట్నం వైపు నుంచి ఒంటరిగా వస్తున్నాడు. ఒకచోట ఆగుతాడు, అటూ ఇటూ చూస్తాడు, మళ్ళీ నడుస్తాడు. ఆయనకు పది అడుగుల వెనక ఆమె. ఆయన ఆగితే తనూ ఆగి పక్క దుకాణంలో ఏదో బేరమాడుతున్నట్టు వంగుతుంది. కళ్ళు మాత్రం ఆయన వీపు మీదనే. ఆయన మా మెట్లు ఎక్కడం చూశాక, ఎదురుగా గాజుల దుకాణం చాటుకు వెళ్ళి నిలబడింది. మైకులో తన పేరు వచ్చేదాకా అక్కడే ఉండి, అప్పుడు శాలువా కాస్త జార్చుకుని, ఆయాసం తెచ్చుకుని పరిగెత్తుకొచ్చింది. అంటే ఆమె ఏ యేడూ ఆయన్ని ఒక్క క్షణం వదల్లేదు.

రెండువేలు దాటాక మైకు గదికి వచ్చేవాళ్ళు తగ్గారు. జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. "యాడున్నవ్" అని ఒకరు, "నువ్వు యాడున్నవ్" అని ఒకరు. ఎవరు తప్పిపోయారో ఇద్దరికీ క్షణంలో తేలిపోయేది. కళ్ళు సరిగా కనిపించక చాచా రావడం మానేశాడు. ఆ యేడు ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను.

సారు వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. మెట్లు ఎక్కి బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం, పెన్సిలు ముందు పెట్టాను. నెమ్మదిగా రాశాడు, పాత ముత్యాలు కాస్త వణికాయి. తీసుకుని చూస్తే అది ఆమె పేరు కాదు. మగ పేరు.

"ఇది ఎవరి పేరు సార్?"

"నాదేనమ్మా. నేను తప్పిపోయిన్నని చెప్పు."

ఇన్నేళ్ళయినా ఆయన పేరు నాకు తెలియదు. ఆమె పలకదు, నేను సార్ అనే పిలిచాను. ఏం చేయాలో తోచక చాచా కుర్చీ వైపు చూశాను. తర్వాత నా నోటి నుంచి అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

"మీరు ఈడనే ఉన్నరు కద సార్. మేడమే గాజుల కాడ ఆగిపోయినట్టున్నరు. ఎప్పటిలెక్క ఆమె పేరే చెప్త."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. ఇన్నేండ్ల సంది మైక్‌ల ఆమెను తప్పిపోయినామెను చేసిన. అందరి ముంగట బుద్ధి లేదని ఆమెతోనే అనిపించిన. ఆమె ఎన్నడు తప్పిపోలే తల్లీ. రేపు ఇది గూడ యాదికుంటదో ఉండదో. ఈ పొద్దు యాదికున్నది. చెప్పు."

కిటికీలోంచి ఆమె కనిపిస్తూనే ఉంది, గాజుల దుకాణం దగ్గర, శాలువా సర్దుకుంటూ, తన పేరు కోసం చెవి పెట్టి. మైకు నొక్కాను. ఉన్నది ఉన్నట్టు చెప్తానని పేరు పడ్డ నాకు, ఆ ఒక్క వాక్యం చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. బషీర్‌బాగ్ నుంచి వచ్చిన, రిటైరైన లెక్కల టీచరు ఫలానా గారు తప్పిపోయారు, మైకు గదిలో ఉన్నారు, వారి భార్య వచ్చి తీసుకువెళ్ళగలరు.

మైకు గరగరమనగానే అలవాటుగా ఆమె ఒక అడుగు వేసింది. పేరు వినగానే అక్కడే ఆగిపోయింది. తర్వాత వచ్చింది, కానీ ఆయాసం లేదు. నేరుగా నా మీదికే వచ్చింది.

"ఏంది బిడ్డా గిది? ఆయన పేరు గట్ల ఎందుకు చెప్పినవ్? ఇన్నేండ్లు నేను కాపాడింది ఇందుకేనా?"

"ఆ పిల్లను అనకు. నేనే చెప్పమన్న," అన్నాడు సారు.

ఆమె బెంచీ మీద ఆయన పక్కన కూలబడింది. ఆయన ఆమె వైపు చూడకుండా, చేతుల్లోని పెన్సిలు వైపు చూస్తూ అన్నాడు:

"నువ్వు ఎనకనే వస్తున్నవని నాకు తెలుసు. ప్రతి యేడు తెలుసు. తిరిగి చూస్తే తప్పిపోయిన్నని ఒప్పుకున్నట్టైతదని చూడలే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతిరి."

"నువ్వు మాత్రం చెప్పినవా?"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆయన చొక్కాకు తప్పిన గుండీ విప్పి సరిగా పెట్టింది. "లెవ్వున్రి, పోదాం. ఇగ నేను ఎనక రాను, పక్కకే నడుస్త," అంది. ఆయన లేచి చేయి చాపాడు. గుమ్మం ముందు పిల్లలూ పెద్దలూ ఎంతోమంది ఉన్నారు. వాళ్ళందరూ చూస్తుండగానే ఆమె ఆ చేయి పట్టుకుని మెట్లు దిగింది.