దుడ్డె ఎత్తుకు కోసిన సందు

నా చిన్నప్పుడు మా బాపుకూ చిన్నాయినకూ మధ్య లేచిన కంచె గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కోహెడ దగ్గర ఇద్దరి ఇండ్లూ పొలాల్లోనే, మధ్యలో హద్దుగా ఒక మట్టి ఒడ్డు. చిన్నాయిన ఎడ్లు మా పత్తిలో పడ్డాయని బాపు ఒడ్డు మీద తుమ్మకంప వేశాడు. అది చూసి చిన్నాయిన రాతికడీలు పాతి ముళ్ళతీగ లాగాడు. బాపు ఇంకో రెండు వరసలు బిగించాడు. మా దగ్గర ఉండే నానమ్మకు రోజూ చిన్నకొడుకును చూసి రావడం అలవాటు. ఇక రోడ్డు చుట్టూ తిరగాలి. మోకాళ్ళు సహకరించవు. కంచెలో తొవ్వ వదలమని అడిగితే బాపు తమ్మున్ని అడగమన్నాడు, చిన్నాయిన అన్నను అడగమన్నాడు.

ఒక పొద్దున ఆమె తన బర్రెను మా వైపే ఉంచి, దాని పాలు తాగే దుడ్డెను రోడ్డు చుట్టూ నడిపించి ఆవల కట్టేసింది. దుడ్డె మూతి పెట్టనిదే ఆ బర్రె చేపదు, చుక్క పాలు దిగవు. రెండిళ్ళకూ పాలు దానివే. ఆ పొద్దున రెండిళ్ళలోనూ తాగడానికి చాయ లేదు, అరుపులే.

"ఏందే అవ్వా గీ పని?" అన్నాడు బాపు.

"నేనేం జేసిన్రా? మీరు గీసిన హద్దుకు అటొకటి ఇటొకటి కట్టేసిన."

అన్నదమ్ములు మాట్లాడుకోకుండానే కింది తీగలు కోశారు. దుడ్డె దూరింది. పాలొచ్చాయి. నానమ్మ తనూ వంగి దూరబోయింది, వల్ల కాలేదు. "ఇంకో రెండు తీగలు కొయ్యున్రి బిడ్డా" అంది.

"గంత సందు పెడితే ఎడ్లు రావా?" అన్నాడు బాపు.

"అన్న చెప్పింది నిజమేనే" అన్నాడు చిన్నాయిన.

ఆ ఏడంతా వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు సిద్దిపేటలో పోటీ పరీక్షల పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు చెబుతున్నాను. సరిహద్దు గోడలకు మూడు సిద్ధాంతాలు. ఒకడు తన రక్షణకు కట్టిన కంచె పొరుగువాడికి బెదిరింపుగా కనిపిస్తుందంటుంది వాస్తవికవాదం. లాభమున్నచోట గోడకూ గేటు పెడతారంటుంది ఉదారవాదం. గోడే 'మనం', 'వాళ్ళు' అనే తేడాను పెంచుతుందంటుంది నిర్మాణవాదం. మా ఇంట్లో చిన్నాయినోళ్ళు ఆ ఏడే 'ఆవలోళ్ళు' అయ్యారు. మూడూ నిజమే, మూడూ మా ఒడ్డు మీద చూశాను. కానీ రోడ్డు చుట్టూ కుంటుతూ పోయిన ముసలమ్మకు ఏ సిద్ధాంతంలోనూ ఒక్క వాక్యం లేదు.

సరుకుల లారీలను పంపి మనుషులను ఆపే గేట్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నా గొంతు లేస్తుంది. పాఠం ఆపి పిల్లలను ఒకటే అడుగుతాను: ఈ సందు ఎవరి ఎత్తుకు కోశారు?