అయ్యగారి కోసం వెతికిన ఏడాది

మా చర్చి అయ్యగారు రిటైరై వెళ్లిపోయిన ఆదివారం మా బాపు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాతి ఆదివారం ప్రసంగం చెప్పేవాళ్లు లేరు కదా అని తనే లేచి వేదికెక్కి నిలబడ్డాడు. అక్కడి నుంచి ఆయనను దించడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది.

మాది బయ్యారానికి దగ్గర్లో చిన్న ఊరు. తెల్లదొరల కాలంలో కట్టిన రాతి చర్చి, దాని వెనక అయ్యగారు ఉండే పాత బంగ్లా. పాస్టరును మేం అయ్యగారని, ఆయన భార్యను అమ్మగారని పిలుస్తాం. బాపు మహబూబాబాద్ బస్సుల్లో ముప్పై ఏళ్లు కండక్టరుగా పనిచేసి, రిటైరై ఇంటికొచ్చాక చర్చి సంఘానికి పెద్ద అయ్యాడు. అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో తండ్రీకూతుళ్లం మేమిద్దరమే. నేను సర్కారు బడిలో టీచరును. చేతిరాత బాగుంటుందని నన్ను సంఘం కమిటీకి కార్యదర్శిని చేశారు. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. పెళ్లి ఎప్పుడని అడిగేవాళ్లు ఆ మాట మానేసి, మోకాళ్ల నొప్పులకు ఏ నూనె మంచిదని అడగడం మొదలుపెట్టారు.

బాపు ఆరాధన నడిపితే బస్సు నడిపినట్టే ఉండేది. ముందు బెంచీలు ఖాళీగా కనిపిస్తే పాట మధ్యలో ఆపి, "ముందుకు జరగాలె, ఎనక దర్వాజ కాడ నిలబడొద్దు" అనేవాడు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ప్రసంగం ఎక్కడి దాకా వచ్చిందో పైనుంచే చెప్పేవాడు. ఐగుప్తు దాటినం, ఇంక అరణ్యంల ఉన్నం, కూసోండ్రి అని. ప్రసంగం గంటంపావుకు తగ్గేది కాదు. పక్క సంఘం అయ్యగారు నెలకొకసారి వచ్చి రొట్టె, ద్రాక్షరసాలతో ప్రభు సంస్కారం ఇచ్చి వెళ్లేవారు. ఆయనకు అప్పటికే ఐదు ఊళ్లు. మిగతా ఆదివారాలన్నీ బాపువే.

ఆ ఎండాకాలంలో మైకు చెడిపోయింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే ఒకతను మా ఊళ్లో ఉండే తన అక్క ఇంటికి వచ్చి ఉంటే, ఆమె అతన్ని చర్చికి తీసుకొచ్చింది. భూపాలపల్లి మనిషి, నా ఈడువాడు. చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని వచ్చాడు. పెట్టె విప్పి వైర్లు చూస్తూ, మైకు లేకుండానే గోడలు అదిరేలా ప్రార్థన చెబుతున్న బాపు వైపు ఒకసారి తలెత్తి చూసి, నాతో మెల్లగా అన్నాడు.

"మైకు బాగు చెయ్యమంటరా, గిట్లనే ఉంచమంటరా?"

నేను నవ్వాను. చర్చిలో, అందరూ కళ్లు మూసుకున్న వేళ, పైట నోట్లో కుక్కుకున్నా ఆగనంతగా నవ్వాను. బాపు ఒక కన్ను తెరిచి చూశాడు.

ఆ తర్వాత మా చర్చి మైకు నెలకొకసారి చెడిపోవడం మొదలైంది. మా ఇద్దరిలో ఎవరం చెడగొట్టేవాళ్లమో ఇప్పటికీ ఒకరికొకరం చెప్పుకోం. అతను రెండు బస్సులు మారి వచ్చి, పది నిమిషాల పని మూడు గంటలు చేసి వెళ్లేవాడు. నేను బడిలో ఎక్కాలు చెప్పిస్తూ ఏడేళ్లు నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయి కిటికీలోంచి బయటికి చూస్తుంటే, పిల్లలు యాభై ఆరు చెప్పి నన్ను లేపేవాళ్లు.

దసరా సెలవుల్లో అతను అక్కను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి నన్ను ఇమ్మని బాపును అడిగాడు. బాపు పది నిమిషాల్లో ఒప్పుకున్నాడు. పిల్లగాడు మంచోడే, నాకు ఇష్టమే అన్నాడు. ఒక్క మాట మాత్రం పెట్టాడు. "పెండ్లి మన చర్చిలనే గావాలె. మన అయ్యగారి చేతులతోనే గావాలె."

మన అయ్యగారు ఎక్కడున్నాడు బాపు అని అడిగాను. వస్తడు తీయ్ అన్నాడు, తర్వాతి ఆదివారం ప్రసంగం కాగితాలు సర్దుకుంటూ.

కార్యదర్శిని నేనే కాబట్టి ఆ రోజే బిషప్ గారి ఆఫీసుకు ఉత్తరం రాశాను. బదిలీల మీద పంపుదామంటే మీ ఊరికి రావడానికి ఎవరూ ఇష్టపడటం లేదని, మీ సంఘం ఎలాంటిదో, ఎలాంటి గురువు కావాలో రాసి పంపితే ఆసక్తి ఉన్నవాళ్లు ఒక్కో ఆదివారం వచ్చి ప్రసంగించి వెళ్తారని జవాబు వచ్చింది. కమిటీ కూర్చుంది. ఇంటింటికీ వచ్చి ప్రార్థన చేసేవాడు కావాలని ఆడవాళ్లు అన్నారు. గిటారు వాయించాలని కుర్రవాళ్లు అన్నారు. ప్రార్థనలు పొట్టిగా ఉండాలని ముసలమ్మలు అన్నారు, బాపు వైపు చూడకుండా. బాపుకు ఒకటే కోరిక. గొంతు ఉండాలె, చివరి సీటు దాకా వినబడాలె అన్నాడు. నేను అన్నీ రాసి, త్వరగా రావాలి అని మూడుచోట్ల చేర్చాను. ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి ఏమిటమ్మా అంత తొందర అని అడిగితే, ఒక పెళ్లి ఆగిపోయి ఉందన్నాను. ఎవరిదని అడిగాడు. సంఘంలో ఒకరిది అన్నాను.

మొదటి ఆయన కారులో వచ్చాడు. చర్చిలో పెద్ద తెర కట్టడానికి గోడ ఎక్కడుందని చూశాడు. ప్రసంగం బాగానే చెప్పాడు కానీ, గొంతు మూడో బెంచీ దాకే వచ్చిందని బాపు కొట్టేశాడు. రెండో ఆయన మంచివాడు. మధ్యాహ్నం భోజనం చేసి బంగ్లా చూడటానికి వెళ్లాడు. స్నానాల గదిలో పాము కుబుసం కనిపించింది. సాయంత్రం బస్సు దాకా కూడా ఉండకుండా దారిలో దొరికిన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఆటో కనుమరుగవుతుంటే బాపు ముఖంలో ఒక వెలుగు చూశాను. అప్పుడు అర్థమైంది. మా బాపుకు అయ్యగారు రావడం ఇష్టం లేదు. నా పెళ్లి ఇష్టమే, అయ్యగారు వద్దు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డమని ఆయన ఆలోచించుకోలేదు, అంతే.

ఫిబ్రవరి దాటితే శ్రమ దినాలు. ఆ నలభై రోజులు మా చర్చిల్లో పెళ్లిళ్లు చెయ్యరు. అంటే ఈస్టరు దాకా ఆగాలి. చెల్పూర్ నుంచి రోజూ ఫోన్ వచ్చేది. అయ్యగారు దొరికిండా అనే మాటతోనే మొదలయ్యేది.

క్రిస్మస్ తర్వాత గుమాస్తా మళ్లీ ఫోన్ చేశాడు. మచిలీపట్నం వైపు సముద్రం ఒడ్డున ఒక సంఘంలో పదేళ్లు చేసిన గురువు రావడానికి సిద్ధంగా ఉన్నారట. ఒకటే సంగతి, ఆవిడ ఆడమనిషి. ఆడవాళ్లు తెల్ల అంగీ తొడుక్కుని సంస్కారం ఇస్తారని విన్నప్పుడల్లా బాపు ఏమనేవాడో నాకు తెలుసు. పంపండి అన్నాను. కమిటీకి చదివిన కాగితంలో, సముద్రతీరం నుంచి ఒక గురువు వస్తున్నారు అని మాత్రమే రాశాను. అబద్ధం రాయలేదు. నిజం సగమే రాశాను. ఆ మాట ఫోన్‌లో అతనికి ఒక్కడికే చెప్పాను. అతను చాలాసేపు నవ్వి, మైకు చూసే వంకతో నేనూ వస్తానన్నాడు.

శనివారం మధ్యాహ్నం బస్టాండులో డప్పులు, బంతిపూల దండ, ముందు బాపు. బస్సులోంచి పొడుగాటి మనిషి దిగాడు. తెల్లచొక్కా, కళ్లజోడు, రెండు చేతుల్లో సంచులు. ఆయన వెనక యాభై ఏళ్ల పొట్టి ఆవిడ, నేతచీర, చంకలో ఎండురొయ్యల డబ్బా. నేను నోరు తెరిచేలోపే బాపు వెళ్లి ఆయన మెడలో దండ వేసేశాడు. డప్పులు మోగాయి. ఆయన సంచులు కింద పెట్టి కంగారుగా చెయ్యి ఊపాడు.

"నాకు కాదండీ. గురువుగారు ఆవిడండీ. నేను వంట చేస్తానండీ."

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. ఆవిడ ముందుకొచ్చి బాపుకు దండం పెట్టింది. ఫర్వాలేదండీ, దండ ఆయనకే ఉంచండి, పొద్దున్నుంచి సామానంతా ఆయనే మోశాడు అంది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మైకు వంకతో వచ్చి నా పక్కన నిలబడినతను వెనక్కి తిరిగి బస్సు టైరును పరీక్షించడం మొదలుపెట్టాడు. బాపు డప్పులవాళ్లను దాటుకుని ఇంటికి నడిచాడు.

నేను వెనకాలే పరుగెత్తాను. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నీకు ఎరికేనా?"

"ఎరికే, బాపు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే రానియ్యవు. నువ్వు అక్కడినుంచి దిగవు, నాకు పెండ్లి కాదు. నాకు పెండ్లి చేసుకోవాలని ఉన్నది, బాపు."

ఆ మాట ఆయన ముందు పైకి అనడం అదే మొదటిసారి. ముప్పై నాలుగేళ్ల టీచరుకు అలా అనడానికి ఎంత సిగ్గేసిందో, అన్నాక ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. బాపు నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఆ పూట అన్నం తినలేదు. నేనూ తినలేదు. వాళ్లకు బస ఇచ్చిన పక్కింటి నుంచి రొయ్యల కూర వాసన వచ్చింది. గురువుగారి భర్త అప్పటికే వంట మొదలుపెట్టేశాడు.

ఆదివారం బాపు చర్చికి వచ్చాడు కానీ, తలుపు పక్కన చివరి బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయన అక్కడ కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. గురువుగారు తెల్ల అంగీ తొడుక్కుని పైకెక్కారు. బల్ల వెనక తల మాత్రమే కనిపించింది. ఎవరో పీట తెచ్చి వేశారు. ఆవిడ ఎక్కి నోరు తెరిచారు, కరెంటు పోయింది. ఈసారి మా ఇద్దరిలో ఎవరం కాదు, ప్రమాణం. అతను టెస్టరు తీసుకుని లేచాడు. ఆవిడ చేత్తో కూర్చోమన్నారు.

మా చర్చి గోడ అవతల సముద్రమండీ, తుఫాను రోజుల్లో అది కూడా ప్రసంగం చేస్తుంది, పదేళ్లు దానితో పోటీపడ్డాను అన్నారు. ఆ గొంతు పొట్టి మనిషిలోంచి వచ్చిందంటే నమ్మలేకపోయాం. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడని జాలరుల కథ చెప్పారు. ఖాళీ వల కడుగుతున్నవాడి ముఖం ఎలా ఉంటుందో, ఇంట్లో అతని భార్య ఏమీ అడగకుండా పొయ్యి ఎలా రాజేస్తుందో, కళ్లతో చూసినట్టు చెప్పారు. మా ఊళ్లో సగంమంది సముద్రమే చూసి ఉండరు. అయినా ముసలమ్మలు కళ్లు తుడుచుకున్నారు. ఇరవై నిమిషాలు కాకముందే ఆపేశారు.

ఆరాధన అయ్యాక బాపు లేచి ముందుకు నడిచాడు.

"చివరి సీటు దాకా వినబడ్డదమ్మా," అన్నాడు. చేతి గడియారం చూసుకుని, "కానీ జల్ది ఆపిండ్రు," అన్నాడు.

"మిగతాది మీరు చెప్పండి, పెద్దాయనా," అన్నారావిడ. "నెలకొక ఆదివారం మీదే. ఇరవై నిమిషాలు మాత్రమేనండోయ్."

బాపు ముప్పై అడిగాడు. ఇరవై ఐదుకు కుదిరింది. అయ్యగారు దొరికారని బిషప్ గారి ఆఫీసుకు నేను ఆ సాయంత్రమే రాశాను. ఆ తొందరలో కార్యదర్శి చేతిరాత మొదటిసారి కోడిగీతల్లా వచ్చింది.

వాళ్లు పది రోజుల్లో దిగారు. కుర్రవాళ్లు బంగ్లా కడిగి సున్నం వేశారు. వాళ్ల కోస్తా మాటలోని అండీ పిల్లలకు పట్టుకుంది. బడిలో నన్ను కూడా టీచరండీ అనేవాళ్లు. అమ్మగారు అంటే అయ్యగారి భార్య కదా, మరి ఈ అమ్మగారి భర్తను ఏమనాలన్నది ఊరంతా చర్చించింది. తేలక, చివరికి అందరూ ఆయనను బావగారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయనకు అది తెగ నచ్చింది.

పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలి అన్నప్పుడల్లా నేను వెనక్కి తిరిగి ఊరందరినీ గుర్రుగా చూసేదాన్ని. శ్రమ దినాలకు నాలుగు రోజుల ముందు పెళ్లి. ఊళ్లోని ముస్లిం వంట మాస్టరు పొద్దుటి నుంచే చర్చి వెనక బిర్యానీ పొయ్యిలు రాజేశాడు. బాపు నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లాడు.

అమ్మగారు ప్రమాణం చదవడం మొదలుపెట్టారు. ఈ మనుష్యుని నీ భర్తగా స్వీకరించి, అని ఊపిరి తీసుకున్నారు. నేను అవును అన్నాను.

"ఇంకా ఉందమ్మా," అన్నారావిడ మెల్లగా.

వ్యాధిలోను ఆరోగ్యములోను, అన్నారు. అవును అన్నాను మళ్లీ. మొదట అతని భుజాలు నవ్వుతో కదిలాయి. తర్వాత బాపు. తర్వాత చర్చి మొత్తం. అమ్మగారు పుస్తకంతో ముఖం కప్పుకుని గోడ వైపు తిరిగారు. ఆ సముద్రపు గొంతుతో ఆవిడ నవ్వితే బయట పొయ్యిల దగ్గరివాళ్లు గరిటెలు పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చి చూశారు. కాసేపటికి ఆవిడ కళ్లు తుడుచుకుని మొదటి నుంచి చదివారు. ఈసారి నా చేయి అతను గట్టిగా పట్టుకున్నాడు, నేను తొందరపడకుండా. చివరి మాట దాకా ఆగి, అందరికీ వినబడేలా అవును అన్నాను.

మరుసటి ఏడు నాకు భూపాలపల్లి దగ్గరి బడికి బదిలీ దొరికింది. బాపు రానన్నాడు, నెలకొక ఆదివారం తనకు పనుందని. బావగారు, బాపు కలిసి సాయంత్రాలు బంగ్లా అరుగు మీద రొయ్యలు వలుచుకుంటూ కూర్చుంటారు. నేను ఫోన్ చేస్తే బాపు రెండు మాటలు మాట్లాడి, పొయ్యి మీద కూర ఉందని పెట్టేస్తాడు.