పిన్నీసు పెట్టిన పేజీలు

మదనపల్లె డాక్టరు మా అత్తకు నెల గడువు ఇచ్చాడు. ఆమె కుడికాలి మెట్టె వేలు నల్లబడింది. కాలు వాచి మెట్టె చర్మంలోకి దిగుతున్నా, మొగుడు బతికుండగా మెట్టె తీయడమేమిటని ఆమె ఎవరి మాటా వినలేదు. చివరికి ఆస్పత్రిలో చిన్న కటింగ్ ప్లేయరుతో దాన్ని తెంచి తీశారు. కింద పుండు, దాని చుట్టూ నలుపు. "షుగరు దిగితే పుండు మానొచ్చు. దిగకపోతే వేలు తీసేయాల్సిందే. నెల తర్వాత పరగడుపున రండి, రక్తం చూసి చెప్తాను" అన్నాడాయన.

పుంగనూరు బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఊళ్లో దిగి నాలుగడుగులు కుంటుకుంటూ వేశాక నోరు తెరిచింది. "మెట్టె వేలు పోగొట్టుకోని నేను పేరంటానికి ఎట్ల పోవాల? కాళ్లకు పసుపు పూసేవాళ్లకు ఏం సూపించాల?"

అది తొంభైల చివర. నేను పుంగనూరులో బడిపంతులమ్మను. మా ఆయనకు ఎరువుల అంగడి. ఆయన సంగతంతా విని, "వంటిల్లు నీ చేతిలో ఉండాది, నువ్వే సూసుకోవాల" అని చెప్పులేసుకుని అంగడికి వెళ్లిపోయాడు. కన్నతల్లి కాలివేలిని తెచ్చి నా గరిటెకు కట్టేసి పోయాడే అని ఒళ్లు మండింది. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంలోనే పంతం కూడా పుట్టింది. ఆ వేలు పోకూడదు. ఆమె మీద ప్రేమతో అనుకున్నానని చెప్తే సగమే నిజం. వేలు పోతే నా వంట వల్లే పోయిందని చుట్టాలంతా అంటారన్న భయం మిగతా సగం.

పాఠాలు చెప్పుకునేవాళ్లకు ఏ కష్టం వచ్చినా ముందు పుస్తకమే గుర్తొస్తుంది. మరుసటి సెలవు రోజునే మదనపల్లె వెళ్లి, పుస్తకాల అంగడిలో షుగరు వంటల పుస్తకాలు ఏమేం ఉన్నాయో అన్నీ తీయించి, రెండు కొనుక్కొచ్చాను.

మొదటిది నున్నటి కాగితం, రంగు బొమ్మలు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ గాజు గిన్నెలో ఆకులు కలుపుతూ ఉంది. రెండో పేజీలోనే ఆలివ్ నూనె వచ్చింది. అప్పట్లో మా ఊళ్లో ఆలివ్ నూనె కావాలంటే మందులంగడికి పోవాలి. పసిపిల్లల ఒంటికి రుద్దడానికి చిన్న డబ్బాలో అమ్మేవాళ్లు. నేను చదివి వినిపిస్తే మా అత్త, "బిడ్డలకు పూసేదాన్ని పప్పులో పోస్తారా?" అని చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు దగ్గర నుంచి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆ పుస్తకం అలమర ఎక్కింది.

రెండోది పల్చటిది. అందులో రాగులు షుగరుకు మంచివని ఉంది. "సూస్తివా? మా అవ్వల కాలం నుంచి మేం తినేదే మందంట" అని మా అత్త మురిసిపోయింది. పూటకు రెండు సంగటి ముద్దలు, ఒక్కోటి కొబ్బరికాయంత, శెనక్కాయల ఊరుబిండి పచ్చడితో లాగించింది. మంచిదని రాసిన మహానుభావుడు ఎంత తినాలో రాయలేదు. వారం తర్వాత మా ఊరి ల్యాబులో రక్తం చూపిస్తే షుగరు ఇంకా పైకెక్కింది. గడువులో వారం పోయింది, వేలి మీద నలుపు అట్లాగే ఉంది.

"మంచిదైతే మాత్రం కుండెడు తింటారా?" అని అరిచాను.

"తిట్టుకుంటా పెట్టేది ఎట్ల ఒంటికి పడతాది?" అని ఆమె మంచం మీద అటు తిరిగి పడుకుంది.

మళ్లీ మదనపల్లె వెళ్లి మూడో పుస్తకం తెచ్చాను. ఈసారి బొమ్మలు చూసి మోసపోలేదు. సాదా అట్ట, చిన్న అక్షరాలు. అలసందలు, పితికిపప్పు, చింతాకు, జొన్నరొట్టె, అన్నీ మనం తినేవే. సంగటి ముద్ద ఎంతుండాలో, దానికి ఎన్ని గరిటెల పప్పు ఉండాలో స్పష్టంగా ఉంది. పుస్తకమంటే ఇదీ అనుకున్నాను. ముందున్న ఇరవై పేజీల్లో మాత్రం వంటలు లేవు. జబ్బు గురించి, మాత్రల గురించి, జాగ్రత్తల గురించి ఏదేదో ఉంది. డాక్టరు చెప్పేది డాక్టరు చెప్తాడు, నాకు వంటలు చాలు. పొయ్యి దగ్గర తడి చేత్తో పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ పేజీలే అడ్డం పడుతుంటే చిరాకేసి, వాటన్నిటినీ కలిపి మూలన ఒక పెద్ద పిన్నీసు గుచ్చేశాను. బడిలో పిల్లలకేమో ఏ పుస్తకమైనా మొదటి పేజీ నుంచి చదవాలని చెప్పేదాన్ని.

ఇక మూడు వారాలు మా ఇంట్లో పుస్తకమే అత్త, నేనే దాని బంటు. కొలిచి వండాను, కొలిచి పెట్టాను. కాఫీలో చక్కెర తీసేశాను. బెల్లం డబ్బాను మా మామ మంచం కింద దాచాను. అత్త మంచీ వేము తీపూ లేవంటారు కానీ, ఆ నెల మా ఇంట్లో వేపాకు కోడలే. ఆమె కంచం ముందు కూర్చుని నా మొహం చూసేది, నేను పుస్తకం చూసేదాన్ని. శనివారం ఒక్కపొద్దు మానేయమంటే చస్తే మాననంది. ఆ రోజు మధ్యాహ్నం పూజయ్యాక ఒక్కసారే తినేది. డాక్టరు రాసిన షుగరు మాత్రను మాత్రం పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకునేది. మాత్రతో ఒక్కపొద్దు చెడదని ఆమె నమ్మకం. నాకూ అది సబబుగానే తోచింది.

షుగరు దిగడం మొదలైంది. మొదట కొంచెం, ఆ తర్వాత వారం గట్టిగా దిగింది. ల్యాబు కాగితం పట్టుకుని ఇంటికొచ్చి మా ఆయన ముందు పెట్టాను. "చూడు, పుస్తకం ఎట్లా పనిచేస్తోందో" అన్నాను. పెరట్లో ఎనుముకు కుడితి పోసే తొట్టిలో అలసందలు, జొన్నరొట్టె ముక్కలు తేలుతూ కనబడితే, గిన్నెలు కడిగిన నీళ్లు అనుకుని ఊరుకున్నాను. మా అత్త చిక్కిపోయింది. ఒళ్లు తేలికపడిందని సంతోషించాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనేవాళ్లను చూసి నవ్వేదాన్ని. ఆ నెలలో నా కుందేలుకు రెండు కాళ్లు కూడా లేవు.

గడువు రోజు వచ్చింది. చలికాలం, పొద్దున్నే మదనపల్లె బస్సెక్కాం. మా అత్త కిటికీ పక్కన, నేను ఇటు పక్కన. రక్తం చూసేదాకా పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదని ముందే చెప్పి ఉంచాను. నా ఒళ్లో ల్యాబు కాగితాలు, వాటి కింద ఆ పుస్తకం. డాక్టరుకు చూపించి మెప్పు పొందాలని తెచ్చుకున్నాను.

సగం దారిలో ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. తడిగా, చల్లగా ఉంది. చూస్తే నుదుటి మీద చెమట బొట్లు కారుతున్నాయి. బస్సులో అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు.

"ఏమైంది అత్తా?"

"ఎనుముకు నీళ్లు పెట్టినావా?" అంది. మాట ముద్దగా వచ్చింది. మళ్లీ అదే అడిగింది. వేళ్లు వణుకుతున్నాయి. కళ్లు నా వైపే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టినట్టు లేవు. భుజం పట్టి కుదిపాను. తల వాలిపోయింది. బస్సు ఆపమని అరిచాను. ఆపి ఏం చేయాలో నాకు తెలియదు. కండక్టరు వచ్చి, మదనపల్లె దగ్గరికి వచ్చేసింది, ఆపేకన్నా ఆస్పత్రికే పోదామని డ్రైవరును తొందరపెట్టాడు.

వెనక సీట్లో నుంచి ఒక పల్లెటూరి ముసలామె లేచి వచ్చింది. మా అత్త మెడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఈమెకు షుగరు ఉండాదా?" అని అడిగింది. తలూపాను. ఆమె తన సంచిలో చెయ్యి పెట్టి బెల్లం ముక్క తీసి మా అత్త నోటి దగ్గరికి తెచ్చింది.

"వద్దు! షుగరంటే బెల్లం పెడతారా?" అని ఆ చెయ్యి తోసేశాను. గట్టిగానే తోశాను. బెల్లం ముక్క సీటు కింద పడిపోయింది.

"ఏమ్మా, సదువుకున్నదాని మాదిరుండావే, మనిషిని సంపుకుంటావా? మా ఇంటాయనకు ఇట్లే వస్తాది. జరుగు ఈడ నుంచి!" అని ఆమె నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. ఇంకో ముక్క తీసి వేళ్లతో పొడి చేసి, కొంచెం కొంచెంగా మా అత్త పెదాల మధ్య పెట్టింది. "మింగమ్మా, మింగు" అంటూ గడ్డం పట్టుకుని కూర్చుంది. నేను సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఆమె మా అత్తకు విషం పెడుతోందని ఒక మనసు, నేనే ఇన్నాళ్లూ ఏదో పెట్టానని ఇంకో మనసు. మా అత్త దవడ కదిలింది. గుటక పడింది. చాలాసేపటికి కళ్లు తిప్పి, "యాడుండాము?" అని అడిగింది. మదనపల్లె ఇళ్లు కనబడుతున్నాయి. అంత భయం నా జీవితంలో మళ్లీ పడలేదు.

డాక్టరు ఆమెను మంచం మీద పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కించాక అడిగితే, నిజం అప్పుడు బయటికొచ్చింది. నెంబరు దిగకపోతే వేలు పోతుందన్న భయంతో ఆమె నేను పెట్టినదాంట్లో సగానికి పైగా ఎనుముకు పోసింది. ముందు రోజంతా మంచినీళ్ల మీదే ఉంది. ఆ పొద్దున ఒక్కపొద్దు లెక్కనే మాత్ర వేసుకుంది. పరీక్ష ముందు పిల్లలు చూచిరాత చీటీలు దాచుకున్నట్టు, ఆమె ఆకలిని దాచుకుంది.

"తిండి తగ్గించి మాత్ర అంతే వేసుకుంటే ప్రాణానికే ముప్పు. ఎవరు చెప్పారు మీకు ఇట్లా చేయమని?" అన్నాడు డాక్టరు. నేను పుస్తకం చూపించాను. ఆయన దాన్ని తిప్పి చూసి, మూలన పిన్నీసు మీద వేలు పెట్టి, "ఇదేమిటి?" అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ పిన్నీసు తీశాను. పదకొండో పేజీలో ఉంది. చెమటలు, వణుకు, మాట తడబడడం కనబడితే మనిషి మింగగలిగే స్థితిలో ఉండగానే చక్కెరో బెల్లమో పెట్టాలని, ఆలస్యం చేయకూడదని. దాని కిందే, ఉపవాసం ఉండేవాళ్లు, తిండి తగ్గించేవాళ్లు మాత్రల సంగతి ముందుగా డాక్టరును అడగాలని. నేను సిగ్గుతో ఏడ్చాను. ముసలామెకు కనీసం దండం పెడదామంటే, మమ్మల్ని ఆస్పత్రి ముందు దించిన బస్సులోనే ఆమె వెళ్లిపోయింది.

రెండు రోజులకు ఇంటికొచ్చాక ఆ పేజీని మా అత్తకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. చదవకుండా ఉండిపోయినా ఆమెకు తెలిసేది కాదు. అయినా ఉండలేకపోయాను.

"నువ్వు పేజీలు దాస్తివి, నేను కూడు దాస్తిని. ఇద్దరమూ దొంగలమే, గమ్మునుండు" అంది.

బస్సులో ఆ చెయ్యి తోసేసిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆమెకు అప్పుడు తెలివి లేదు కదా, ఎందుకు చెప్పడం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

వేలు దక్కలేదు. తర్వాతి నెలలో తీసేశారు. కట్టు విప్పిన రోజు మా మామ కొత్త మెట్టె తెచ్చి ఆమె పక్క వేలికి తొడిగాడు. అది వదులై జారిపోతుంటే దారం చుట్టాడు. పేరంటాలకు ఆమె అట్లాగే పోయింది. కాళ్లకు పసుపు పూసేవాళ్లు ఎవరైనా ఆ వేలు లేకపోవడం చూసి ఆగితే, "పూయమ్మా, మిగిలినవి నా వేళ్లే" అనేది.

రెండువేల సంవత్సరం దాటాక నాకు కుప్పం బదిలీ అయింది. మా మామ పోయాక ఆమెను నా దగ్గరికే తెచ్చుకున్నాను. అప్పటికి వంటింట్లో కొలత గిన్నె నాది కాదు, ఆమెదే. కొంగు కొసన ఎప్పుడూ ఒక చిన్న ముడి ఉండేది.

ఒకసారి కుప్పంలో ఒక హాల్లో పుస్తకాల ప్రదర్శన పెడితే ఇద్దరం వెళ్లాం. వంట పుస్తకాల బల్ల దగ్గర పాతికేళ్ల పిల్ల ఒకతె నిలబడి ఉంది. వాళ్ల నాయనకు కొత్తగా షుగరు వచ్చిందట. రెండు పుస్తకాలు చేతుల్లో పట్టుకుని, ఏది కొనాలో తోచక నన్ను అడిగింది. నేను నా అలవాటు ప్రకారం వంటలు వదిలేసి ముందు పేజీలు వెతకడం మొదలుపెట్టాను. ఒకదాంట్లో ఆ మాట లేనే లేదు. బల్ల మీద పెట్టేసి రెండోది తెరిచాను.

మా అత్త నా పక్కకొచ్చి, "బెల్లం పెట్టమని యాడన్నా రాసుండారా, బాగా సూడు" అంది.

ఆ పిల్లకు నవ్వొచ్చింది. "షుగరుకు బెల్లమేంది అవ్వా?"

మా అత్త కొంగు ముడి విప్పి, లోపలున్న బెల్లం ముక్కను అరచేతిలో పెట్టి ఆ పిల్లకు చూపించింది.

"మా కోడలు గూడా అట్లే అనింది. బస్సులో ఎవరో నా నోట్లో పెట్టబోతే, వద్దని చెయ్యి తోసేసింది. తెలీక తోసింది పాపం. నాకు మాట రాలేదు గానీ, కండ్లు కనబడతానే ఉండాయి. నువ్వు మాత్రం తోసెయ్యొద్దమ్మా."

ఇన్నేళ్లలో ఆమె ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. ఆమె బెల్లం ముక్కను మళ్లీ కొంగులో పెట్టి ముడి వేసుకుంటూ ఉంది. నేను పుస్తకం మీద నుంచి తలెత్తలేదు. అక్షరాలు కనబడక ఆ పేజీ ఎంతకీ దొరకలేదు.