గంధకం అంటిన చీర

మా ఊరి చర్చిలో పెద్ద బైబిలు మీద ఒక చెయ్యి, మిరపచేను నల్లమట్టి మీద ఒక చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. రెండు చేతులూ అక్కడుంటే ఇది రాసిందెవరని అడగకండి.

నేను రసాయనశాస్త్రంలో పరిశోధన చేశాను. పల్లాడియం అనే లోహాన్ని కాస్తంత వేసి, వాటంతటవి కలవని రెండు అణువుల్ని కలపడం మా పని. ఆ లోహం రెంటినీ పట్టుకుంటుంది, కలుపుతుంది, వదిలేసి ఇంకో జంట మీద పడుతుంది. తాను మాత్రం ఖర్చయిపోదు. ఉత్ప్రేరకం అంటారు దాన్ని. ఇదంతా మా అక్కకు వివరిస్తే ఒక్క ముక్కలో తేల్చేసింది.

"మా ముఠా మేస్త్రి లాంటిదన్నమాట. అందర్నీ కూడేసిద్ది, పని చేయించిద్ది, తన చీర మాత్రం నలగదు."

ఆ లోహానికి గంధకమంటే చావే. నలుసంత తగిలితే చాలు, గాజు కుప్పెలో బంగారు రంగు ద్రావణం నల్లబడి అడుగున మసి పేరుకుంటుంది. విషం తగిలిందంటాం మేము. మా గైడు సారుది వేటకుక్క ముక్కు. ఉల్లిపాయలోనూ గంధకం ఉందని, పకోడీలు తిన్నవాణ్ణి మెట్ల మీదనుంచే వెనక్కి పంపేవారు. వెల్లుల్లి కారం తిన్న ఒకణ్ణయితే బస్సు దిగకముందే పోల్చారు.

నేనేమో గంధకంలో పుట్టి పెరిగినవాణ్ణి. మిరపకు బూడిద తెగులు వస్తే మా వైపు గంధకం పొడి చల్లుతారు. అక్క కౌలు చేలోనూ, కూలికి వెళ్ళిన చేలల్లోనూ ఏళ్ళ తరబడి అదే చల్లింది, పురుగుమందులూ కొట్టింది. ముక్కుకు కొంగే అడ్డం. చివరికి ఊపిరాడక గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి నా గదికి వచ్చింది.

"మళ్ళీ ఆ దుమ్ములోకి వెళితే ఇక మా చేతిలో ఏం లేదమ్మా" అన్నాడు డాక్టరు. నా దగ్గరే ఉండిపొమ్మన్నాను. దగ్గు తగ్గుతూ వచ్చింది.

సరిగ్గా అప్పుడే నా కుప్పె నల్లబడటం మొదలైంది. అంతకుముందు చక్కగా నడిచిన రసాయన చర్య, ఇప్పుడు ఏం చేసినా మసే. ఫెలోషిప్పు గడువు దగ్గరపడింది. సారు ఓ సాయంత్రం గదికి వచ్చి, దండెం మీద నా చొక్కా పక్కన ఆరేసిన అక్క చీరను వేళ్ళతో నలిపారు. ఎంత ఉతికినా పోని పసుపుపచ్చ పొడి మడతల్లో కనిపించింది.

"దొరికాడయ్యా దొంగ!" అన్నారు.

అక్క గుమ్మంలోనే ఉంది. ఆయన వెళ్ళీ వెళ్ళకముందే మూట కట్టడం మొదలెట్టింది.

"ఏంటక్కా ఇది? చీరలు తగలేసి కొత్తవి కొందాంలే."

"చీరలు తగలేస్తావు, నన్నేం చేస్తావురా? నేను దగ్గినా గంధకమే వచ్చిద్ది."

"డాక్టరు ఏమన్నాడో మర్చిపోయావా?"

"దుమ్ములోకి పోవద్దంటాడు. దుమ్ము లేని కూలి ఎక్కడుందో చెప్పడేం? ఒరేయ్, మన ఇంట్లో గంధకం చల్లకుండా బతికేవాడివి నువ్వొక్కడివే. నువ్వన్నా బాగుపడు."

బస్టాండు దాకా బతిమాలుతూనే వెళ్ళాను. మా ఊరి మీదుగా పోయే పర్చూరు బస్సెక్కి కూర్చుంది. తర్వాత రోజూ ఫోను చేసి రమ్మనేవాణ్ణి. "అయిందా?" అనేది. ఇంకా లేదంటే, "అయ్యాక వస్తాలే" అని పెట్టేసేది. మళ్ళీ చేలోకి దిగిందని పక్కింటివాళ్ళు చెప్పారు.

ఒక పొద్దున చూస్తే కుప్పెలో ద్రావణం పండు నిమ్మకాయలా మెరుస్తోంది! సారు నా వీపు తట్టి, ల్యాబుకంతా పకోడీలు తెప్పించారు, ఉల్లిపాయలతో సహా. అక్క మంచం పట్టిందని అప్పుడే కబురొచ్చింది. పరుగున వెళ్ళాను. నన్ను చూసి, "అయిందా?" అంది.

"అయిందక్కా."

దగ్గులోనే నవ్వింది. "చెప్పలా? నా చీరేరా దొంగది!"

మిరప కోతలు ముగియకముందే అక్క పోయింది.

ఇప్పుడు నేను ఎగుమతి మిర్చిలో పురుగుమందు ఎంత మిగిలిందో చూసే ఓ ప్రైవేటు ల్యాబులో పనిచేస్తున్నాను. మోతాదు మించితే సరుకు వెనక్కి పంపేస్తాం. ఆ మందు కొట్టినవాళ్ళ సంగతి మా పరీక్షల్లోకి రాదు.

అంత గొప్పగా చర్య నడిస్తే పరిశోధన ఎందుకు వదిలాడని మీకు అనుమానం రావాలి. సరే, బైబిలు మీది చెయ్యి తీసేస్తున్నాను. నిమ్మపండు రంగు, పకోడీలు నా కల్పన. అక్క వెళ్ళాక కూడా కుప్పె నల్లబడుతూనే ఉంది, ఫెలోషిప్పు గడువు దాటేదాకా. తప్పు చీరది కాదు, కుప్పె మూతికి బిగించే రబ్బరు బిరడాలది. రబ్బరు గట్టిపడటానికి గంధకం కలుపుతారు. అక్క నా గదికి వచ్చిన రోజుల్లోనే కొత్త బిరడాలూ వచ్చాయి. అది నాకు తెలిసేసరికి ఆమెను పూడ్చిపెట్టి వచ్చాం.

మంచం దగ్గర మాటలు మాత్రం నిజం. "అయిందా?" అని అక్క అడిగినప్పుడు నా గోళ్ళలో ఇంకా మసి ఉంది. చేతులు వెనక్కి పెట్టుకుని, అయిందన్నాను.