అనుభూతీ రాలేదండి

దొడ్డమ్మ పోయిన సంగతి ఆవిడ కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మ వెళ్లిపోయిందే. తెల్లారగట్ట, నిద్దట్లోనే" అన్నాడు. నేను పనిచేసే బడికి సెలవు చెప్పి అమలాపురంలో కొత్తపేట బస్సెక్కి ఓ మూల సీట్లో కూర్చుని ఏడుస్తున్నాను. ఇంతలో ఫోనులో ఒక బొమ్మ వచ్చి పడింది. దొడ్డమ్మ ఫోటో, చుట్టూ దీపాలు, కింద ఇంతింత అక్షరాలతో 'అక్షర తపస్విని అస్తమయం'. అన్నయ్య కార్యదర్శిగా ఉన్న సాహితీ సంఘం వాళ్లు పంపారు.

ఏడుస్తున్నదాన్ని ఆపేశాను, ఒళ్లు మండి. తపస్విని ఏమిటి నా మొహం! మా అమ్మకి అక్క ఆవిడ. మధ్యాహ్నం భోజనమయ్యాక వరండాలో పడక్కుర్చీ వేసుకుని, కాళ్లు స్టూలు మీద పెట్టి, బుగ్గన ఇంత వక్కపొడి వేసుకుని కథల పుస్తకం చదువుకునే మనిషి. కులాసా కోసం చదివేది. ఆ కులాసా ఎవరు పాడుచేశారో నాకు తెలుసు. చనిపోయాక కూడా ఆవిణ్ణి వదలకుండా వాళ్లే తమ దండలు వేసి ఊరేగిస్తున్నారు. అందుకే, మీరు ఆవిణ్ణి ఎరగకపోయినా, మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో దొడ్డమ్మ వారపత్రికల్లో సీరియల్స్ చదివేదట. పొయ్యి మీద పులుసు ఇగిరిపోతున్నా వారం వారం వచ్చే ఆ రెండు పేజీలూ అయితే గాని లేచేది కాదని మా అమ్మ చెప్పేది. చెట్లెక్కి దింపు తీసేవాళ్లు కొబ్బరికాయలు రాశి పోసి, "అమ్మగారండీ, వచ్చి చూసుకోండి" అని కేకలేస్తుంటే, "ఉండండ్రా, ఆ పిల్ల రైలెక్కుతోందిక్కడ" అనేదట. ఏ పిల్లో, ఏ రైలో వాళ్లకేం తెలుసు? ఆ తర్వాత పత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మోకాళ్లు కూడా మొరాయించాక ఆవిడకి మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి. అప్పుడు నన్నడిగింది.

"పేపర్లో బహుమతులొచ్చేయని రాస్తారు కదే, ఆ పుస్తకాలు తెచ్చిపెట్టవే. అంతమంది మెచ్చుకున్నారంటే బావుంటాయి కదా."

ఎంత నమ్మకంగా అడిగిందో! నేనూ నమ్మాను మరి. మొదటిసారి ఒక లావుపాటి నవల పట్టుకెళ్లాను. దాని వెనక అట్ట నిండా పొగడ్తలే. దొడ్డమ్మ చేతులు కడుక్కొచ్చి, కొంగుతో తుడుచుకుని, అప్పుడు అందుకుంది దాన్ని. పేజీ గుర్తుకి కొబ్బరి ఈనె ముక్కొకటి పెట్టుకుంది.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి ఆ ఈనె పుస్తకం మధ్యలో ఉంది. ఆ తర్వాతి ఆదివారానికి మళ్లీ మొదట్లో ఉంది. ఏమిటిదని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది, పక్కింటి పిన్నిగారికి వినపడకుండా.

"నాకు బుర్ర తగ్గిందేమోనే. ఏవీ ఎక్కటం లేదు. మళ్లీ మొదట్నించీ మొదలెట్టేను."

ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది. ఆవిడ మీద కాదు. ఎక్కడో నలుగురు ఒక వేదిక మీద కూర్చుని ఒకరినొకరు 'అద్భుతం, అపూర్వం' అని పొగుడుకుంటే, ఇక్కడొక పెద్దావిడ నచ్చని పుస్తకాన్ని శిక్షలాగా రెండోసారి చదువుతోంది, తప్పు తనదే అనుకుని. నేనూ చదివాను ఆ నవల. మొదటి వంద పేజీల్లో ఒకాయన కిటికీ దగ్గర నిలబడి ఉంటాడు. తర్వాత కూర్చుంటాడు.

రెండోసారి కూడా అయ్యాక దొడ్డమ్మ తీర్పు చెప్పింది. "ఇంత పుస్తకంలో ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదే! మనింట్లో చావొచ్చినా ఎవరో ఒకరు ఏదో అని నవ్విస్తారు కదా. వీళ్లకేవొచ్చింది?"

అలాగని ఆవిడ చెప్పినవన్నీ ఒప్పని నేననను. నాకు ప్రాణప్రదమైన నవల ఒకటుంది, దాన్ని నాలుగు రోజుల్లో తిరిగిచ్చేసింది, "ఆ పిల్ల ఊరికే ఏడుస్తుందే, చిరాకు" అని. ఇప్పటికీ నేను ఒప్పుకోను. మేమిద్దరం దాని గురించి పోట్లాడుకుని ఓ పూట మాట్లాడుకోలేదు కూడా. కానీ ఆ పోట్లాటలో ఎంత సంతోషం ఉండేదో! పుస్తకం గురించి ఆవిడ ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "పుస్తకవన్నాక మనల్ని పలకరించాలే. గుమ్మంలోకొచ్చి కూడా మొహం తిప్పుకుంటే అదేం చుట్టరికం?"

తర్వాత కవిత్వం వచ్చింది. మా వైపు పేరున్న ఒక కవిగారి దీర్ఘకావ్యం. దానికి పెద్ద బహుమతే వచ్చింది. అన్నయ్య స్వయంగా తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. పక్కింటి పిన్నిగారు రోజూ మధ్యాహ్నం చింతపండు ఒలుచుకుంటూనో బియ్యం ఏరుకుంటూనో వచ్చి కూర్చునేది, దొడ్డమ్మ పైకి చదువుతుంటే వినడానికి. ఆ రోజు నేనూ ఉన్నాను. దొడ్డమ్మ కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టింది.

"నాలో నేనే ఒలికిపోతున్న శూన్యపు దోసిలిని. నా నిశ్శబ్దానికి నేనే గర్భాన్ని."

పిన్నిగారు చేటలో చెయ్యి ఆపి ఎదురుచూసింది. దొడ్డమ్మ పేజీ తిప్పింది. అక్కడా దోసిలే.

"అయితే ఏటంటాడండీ ఆయన?" అంది పిన్నిగారు.

"ఏవోనమ్మా. ఏదో ఒలికిపోయిందంట."

"అయ్యో! ఏం ఒలికిందండీ?"

"అదే చెప్పటం లేదు."

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీపడీ నవ్వాం. అంత పుస్తకానికీ ఆ మధ్యాహ్నం దక్కిన ఆనందం అదొక్కటే. అక్కడితో దాన్ని అటక మీద పడేసి ఉంటే ఎంత బావుండేది! కానీ దొడ్డమ్మ అలా పడెయ్యలేదు. అబ్బాయి ముచ్చటపడి ఇచ్చాడని ఆ కావ్యం కూడా రెండుసార్లు చదివింది.

ఆ కవిగారికి అమలాపురంలో సన్మానం చేశారు. అన్నయ్య కారులో దొడ్డమ్మని తీసుకొచ్చాడు. నేను ఎలాగూ ఊళ్లోనే ఉన్నాను కాబట్టి వెళ్లాను. దొడ్డమ్మ గంధం రంగు పట్టుచీర కట్టుకుంది, పెళ్లికొచ్చినట్టు. సభ అయ్యాక అన్నయ్య ఆవిణ్ణి వేదిక దగ్గరికి నడిపించి, "మా అమ్మగారండీ, మీ అభిమాని" అని పరిచయం చేశాడు.

దొడ్డమ్మ రెండు చేతులూ జోడించింది. "మీ పుస్తకం రెండుసార్లు చదివేనండి. నాకేం అర్థం కాలేదండి. ఏవీ అనుకోకండేం."

కవిగారు చిరునవ్వు నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లందరికీ వినపడేలా, "అమ్మా, కవిత్వం అర్థం చేసుకోవడానికి కాదు తల్లీ, అనుభూతి చెందడానికి" అన్నారు.

దొడ్డమ్మ ఒక్క క్షణం ఆలోచించుకుంది. "ఆయ్, అనుభూతీ రాలేదండి" అంది.

వేళాకోళానికి అనలేదు. మాత్ర వేసుకున్నా జ్వరం తగ్గలేదని డాక్టరుగారికి చెప్పినట్టు చెప్పింది, ఇంకేదైనా మందు ఉందేమోనని. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. కవిగారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "ఎంత అమాయకురాలో చూశారా!" అని, ఫోటో తీసేవాడి వైపు తిప్పారు. ఆ ఫోటోలో అందరూ నవ్వుతున్నారు, మా దొడ్డమ్మ తప్ప.

తిరుగు దారిలో కారులో నేనూ ఎక్కాను, ఆవిణ్ణి ఇంట్లో దింపుదామని. కాలవ వంతెన దాటాక దొడ్డమ్మ అడిగింది, "నేను నిజవే చెప్పేను కదే. ఎందుకు నవ్వేరు వాళ్లు?"

నేను నోరు తెరిచేలోపల అన్నయ్యే అందుకున్నాడు. "తెలీని విషయాల్లో మాట్లాడకూడదమ్మా. పరువు తీసేవు."

దొడ్డమ్మ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ తర్వాత పుస్తకం ముట్టలేదు. నేను తెచ్చినవి తెచ్చినట్టే తిరిగి నా సంచిలో పెట్టేసేది. "చదువుకున్నోళ్ల వ్యవహారవే అదంతా. మనకెందుకు?" అనేది. చిన్నప్పట్నించీ చదువుతున్న మనిషి! పులుసు మాడినా, కొబ్బరి రాశి ఎండలో ఉన్నా మానని మనిషి! ఒక్క నవ్వుతో మానిపించేశారు. మధ్యాహ్నాలు టీవీ పెట్టుకుని, దాని వంక చూడకుండా కూర్చునేది. పిన్నిగారు చేట పట్టుకొచ్చి కాసేపు కూర్చుని వెళ్లిపోయేది. ఒక కవి తన పుస్తకంతో ఎవరికైనా మేలు చేశాడో లేదో నాకు తెలియదు. ఈయన మాత్రం మా ఇంట్లో ఒక మనిషి చదువుకునే సుఖాన్ని పొట్టన పెట్టుకున్నాడు. దానికేం బహుమతి ఇస్తారో ఇమ్మనండి!

చివరి రోజుల్లో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఊరుకోలేక మళ్లీ ఒక నవల తీసుకెళ్లాను, పక్కన కూర్చుని చదివి వినిపిద్దామని. అట్ట చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"బిరుదులది వద్దులేవే. మీ బళ్లో ఏం జరిగిందో చెప్పు."

చెప్పాను. మా హెడ్మాస్టరుగారు పై ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని కొత్త బూట్లు కొనుక్కొచ్చి గది బయట విడిచారు. ఒకదాన్ని కుక్క పట్టుకుపోయింది. ఆఫీసరుగారు వచ్చేసరికి ఈయన ఒక కాలికి బూటు, ఒక కాలికి హవాయి చెప్పుతో బల్ల వెనక నిలబడి, ఎన్నడూ లేనిది అన్ని ప్రశ్నలకీ అక్కడే నిలబడి జవాబులు చెబుతున్నారు. ఆఫీసరుగారు, "పదండి మాస్టారూ, ఆటస్థలం చూద్దాం" అన్నారు.

"అమ్మో! అప్పుడేం చేసేడే?" అంది దొడ్డమ్మ, మోచేతుల మీద లేవబోతూ.

"కాలు బెణికిందని కుంటుకుంటూ బయటికొచ్చారు. ఆఫీసరుగారు జాలిపడి చెయ్యి పట్టుకుని నడిపించారు. గేటు దగ్గర ఆ కుక్క రెండో బూటు కోసం నిలబడి ఉంది."

దొడ్డమ్మ నవ్వింది. నవ్వి, దగ్గొచ్చి, మళ్లీ నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చి నన్ను కోప్పడింది. దొడ్డమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇలాంటివి రాయరేవే ఎవరూ?" అని అడిగింది. రాసేవాళ్లున్నారు దొడ్డమ్మా, వాళ్లకి దండలు వెయ్యరు, అందుకే నాక్కూడా దొరకరు అందామనుకున్నాను. అప్పటికే కునుకులోకి జారిపోయింది.

ఇక పెద్దకర్మ రోజు సంగతి. మా వైపు ఆ రోజు వచ్చినవాళ్లకి పోయినవాళ్ల పేరు మీద ఏదో ఒకటి ఇస్తారు. స్టీలు గిన్నెలో, దేవుడి పుస్తకాలో. అన్నయ్య ఆ కవిగారి కావ్యం కట్టలు కట్టలు తెప్పించాడు, తల్లి పేరు మీద పంచడానికి! కవిగారు కూడా స్వయంగా వచ్చారు. షామియానా కింద మైకు పట్టుకుని, గొంతులో తడి పెట్టుకుని మాట్లాడారు.

"ఆ తల్లి నన్ను ఒకే ఒక్కసారి కలిసింది. నా రెండు చేతులూ పట్టుకుని, 'బాబూ, నీ కావ్యం చదివాక నాకు మాటలు రావటం లేదు, అంతా అనుభూతే' అంది. నాకు వచ్చిన బహుమతులన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే."

షామియానా అంతా అయ్యో అయ్యో అని నిట్టూర్చింది. నేను లేచి నిలబడ్డాను.

"లేదండీ. దొడ్డమ్మ అలా అనలేదు. అనుభూతీ రాలేదండి అంది. నేను పక్కనే ఉన్నాను. మీరందరూ నవ్వేరు."

కవిగారు నా వైపు ఎంత దయగా చూశారనుకున్నారు! "దుఃఖం మనిషి చేత ఏ మాటైనా అనిపిస్తుంది. నాకు అర్థమవుతుంది తల్లీ" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నాకు కాదు, ఆయన పెద్దమనసుకి. వెనకనుంచి ఎవరో, "భోజనాలకి లేవండి, ఆయ్, లేవండి" అని పిలిచారు. అంతే. చనిపోయిన మనిషి నోట్లో అబద్ధం పెట్టి, దాన్ని అందరూ భోజనంతోపాటు మింగేశారు. ఛీ!

అన్నయ్యని పక్కకి పిలిచి అడిగాను. "ఈ పుస్తకం నువ్వు చదివేవా?"

"నాకు టైమెక్కడిదే?" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "గొప్ప పుస్తకవంటారు కదా అందరూ. అమ్మ పేరు మీద ఇచ్చేది గొప్పదే ఇవ్వాలి కదా?"

అన్నయ్యకి తల్లి అంటే ప్రేమే. తన చేతిలో ఉన్న గొప్పదనం అదొక్కటే, దాన్నే తెచ్చి పెట్టాడు. చేతులు కడుక్కున్నవాళ్లకి తలా ఒకటీ ఇస్తున్నాడు. ఒకాయన దాంతో విసురుకుంటూ ఆటో ఎక్కాడు. పక్కింటి పిన్నిగారు తన కాపీ అందుకుని, నా వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

నాకూ ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి తెరిచాను. కావ్యం మొదలయ్యే పేజీకి ఎదురుగా ఉన్న ఖాళీ పేజీలో దొడ్డమ్మ ఫోటో అంటించారు. బొట్టుబిళ్ల, కళ్లజోడు, ఏదో అడగబోతున్నట్టు కొంచెం తెరిచిన నోరు. కుడివైపు శూన్యపు దోసిలి. పుస్తకం మూయబోయి ఆగిపోయాను. మూస్తే దొడ్డమ్మ మొహం సరాసరి వెళ్లి ఆ కవితకి ఆనుకుంటుంది. అన్నయ్య పంచిన కాపీలన్నిటిలోనూ ఇప్పుడు అలాగే ఉంది. ఊరూరా, ఇంటింటా, మూసేసిన అట్టల మధ్య.

నా కాపీని బల్ల మీద తెరిచే ఉంచాను. కుడివైపు పేజీల మీద మా ఇంట్లో వాళ్లు తాళాలు పెడతారు, కరెంటు బిల్లు పెడతారు. ఎడమవైపు ఏమీ పెట్టనివ్వను. ఫ్యాను గాలికి ఒక్కోసారి పేజీ లేచి, దొడ్డమ్మ మీదికి వాలబోతుంది. ఏ పనిలో ఉన్నా లేచి వెళ్లి చెయ్యి అడ్డం పెడతాను.