చాయ్ సీసా

కల్యాణిని చూస్తే సునందకు ఒళ్లు మండేది. మానుకోటలో టీపొడి దుకాణం ఈశ్వరయ్యకు ఒక్కగానొక్క బిడ్డ సునంద. ఇంటర్ రెండో ఏడు. ఎంత చదివినా క్లాసులో రెండో స్థానమే. మొదటిది ఎప్పుడూ తండా పిల్ల కల్యాణిదే. పైగా బాపు ఊరుకుంటాడా, కంచం ముందు కూర్చుంటే చాలు, "ఆ పిల్లను జూసి నేర్చుకో బిడ్డా" అంటాడు. ఇంక ముద్ద గొంతు దిగేదెట్లా?

సకల జనుల సమ్మెతో కాలేజీ, కల్యాణి ఉండే హాస్టల్ రెండూ మూతపడ్డాయి. బస్సుల్లేవు. దేవదాసు సారు తన ఇంటి అరుగు మీదే పాఠాలు మొదలుపెడితే, కల్యాణి తండా నుంచి నడిచొచ్చేది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పే వేళకు ఆమె మాత్రం దూరంగా గోడ వారకు పోయి, సీసాలోని నల్లటి చాయ్ తాగుతూ పుస్తకం తిరగేసేది. ఆ టీపొడి కొన్నది తమ దుకాణంలోనే! తెలివంతా ఆ సీసాలోనే ఉందని, ఎవరికీ చెప్పకుండా దాచుకుంటోందని సునంద తేల్చేసుకుంది.

చదువుకునే పిల్లకు చాయ్ వేడి చేస్తుందని అమ్మ ఇంట్లో ముట్టనిచ్చేది కాదు. అమ్మేది మాత్రం బస్తాలకు బస్తాలు. సునంద దొంగచాటుగా గుప్పెడు పొడి తెచ్చి, చిక్కగా మరిగించి ఫ్లాస్కు నింపుకుంది. మొదటి రోజు భలే పనిచేసింది. మబ్బు వదిలింది, పాఠం చకచకా ఎక్కింది. ఇంకేం, గ్లాసులు పెంచింది. ఆకలి చచ్చిపోతే, అమ్మ కట్టిన డబ్బాను సారు పక్కింటి బర్రెల కుడితి గోళెంలో గుమ్మరించేది.

సారు పరీక్ష పెట్టిన నాడు గ్లాసు మీద గ్లాసు తాగింది. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. మొదటి ప్రశ్నకే పేజీలు నింపి, తెలిసిన జవాబులు కూడా వదిలేసింది. రెండో స్థానమూ పోయింది. కల్యాణి మళ్లీ మొదటే.

మార్కులు చెప్పిన మధ్యాహ్నం ఏడుపు ఆపుకుంటూ గోడ దగ్గరికి పోయి నిలదీసింది.

"అండ్ల ఏం కలుపుతున్నవే? నేను గూడ తాగిన, నాకెందుకు పనిచెయ్యలే?"

కల్యాణి బిత్తరపోయింది. "బెల్లమే. ఇంకేం కలుపుతరు? ఇంట్ల మాపటికి గాని పొయ్యి ముట్టియ్యరు. చాయ్ తాగితే జర ఆకలి ఆగుతది."

సునందకు నమ్మబుద్ధి కాలేదు. "మరి గీడికొచ్చి ఒక్కదానివే ఎందుకు కూసుంటవ్?"

కల్యాణి తల దించుకుంది. "నీ డబ్బా వాసనొస్తే సదువు తలకెక్కదు సునందా. నిన్ను జూస్తే నాకు కుళ్లు పుడ్తది."

సునంద చేతిలో డబ్బా ఉంది. ఆ రోజు కూడా మూత తీయలేదు.