ఆమెన్ అనేదాకా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కళ్ళు తెరుచుకుని ప్రార్థన చేసే పాపాత్మురాలిని నేనొక్కదాన్నే. ఒక్క ఆదివారం మాత్రం నాకు తోడుగా దాదాపు ఇంటిల్లిపాదీ కళ్ళు తెరిచారు.

డెబ్బైల చివరి మాట. ఆళ్లగడ్డలో మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా జేజి, అంటే నాయనను కన్నతల్లి, భక్తి విషయంలో నిప్పు. ఆదివారం ఈల వేస్తే వీపు విమానం మోతే. పొద్దున్నే అందరినీ మోకరింపజేసి ఒక్కొక్కరి పేరూ దేవుడికి చెప్పేది. పెద్దకొడుకు, వెంటనే ఆయన భార్య, తర్వాత పిల్లలు. చివర అందరూ ఆమెన్ అంటేగానీ ఎవరూ లేవకూడదు.

నంద్యాల బియ్యం మిల్లులో పనిచేసే మా చిన్నాయనకు ఆ ఏడు సంబంధం చూశారు. ఆయన వచ్చి అందరి ముందూ చెప్పేశాడు.

"నాకు ఆడోళ్ల మీద మనసు పోదు. మా మిల్లు మేస్త్రీ, నేను ఆరేండ్లుగా మొగుడూ పెండ్లాల మాదిరే బతుకుతాండాం. ఒక ఆడపిల్ల గొంతు కొయ్యలేను."

అలాంటిది లోకంలో ఉంటుందనే మాకు తెలియదు. నాయన ఆయన సంచీ వీధిలోకి విసిరేసి, "ఈ ఇంట్లో వాని పేరు ఎత్తద్దు" అన్నాడు. ఆ తర్వాత ఆరు రోజులు జేజి ఇంట్లో ప్రార్థనే పెట్టలేదు. నాకు దానికే ఎక్కువ భయం వేసింది.

ఆదివారం చర్చికి బయల్దేరే ముందు జేజి మళ్ళీ ప్రార్థనకు పిలిచింది. పేర్లు వరసగా చెబుతూ చిన్నాయన పేరు కూడా చెప్పింది. నాయన మెడ బిగుసుకుంది. ఆ వెంటనే, కోడలి పేరు రావలసిన చోట, మేస్త్రీ పేరు చెప్పింది. చూస్తే అందరి కళ్ళూ తెరుచుకున్నాయి, జేజివి తప్ప.

మేము ఎలాగో ఆమెన్ అన్నాం. నాయన అనలేదు. చర్చి మొదటి గంట కొట్టారు. జేజి కదల్లేదు.

"లెయ్యి మా" అన్నాడు నాయన.

"నీ ఆమెన్ రాలేదు నాయనా. నాకేం తొందర లేదు."

రెండో గంటా కొట్టారు. ఏ ఆదివారమూ ఆలస్యంగా పోని మనిషి ఆమె. మోకాళ్ళ నొప్పికి పెదవులు వణుకుతున్నాయి.

"వాడు చేసేది పాపం కాదామా?" అన్నాడు నాయన.

"నాకు తెలీదు. ఆరు దినాలుగా దేవుణ్ణి అదే అడుగుతాండా. కొడుకును ఇడిసిపెట్టమని మాత్రం ఒక్కసారి గూడా చెప్పలే."

అప్పుడు నాయన ఆమెన్ అన్నాడు, పక్కనున్న నాకే సరిగా వినపడనంత చిన్నగా. మనసు మారి అన్నాడని నేననుకోను. తల్లి మోకాళ్ళు చూడలేక అన్నాడు. జేజి కబురు పెడితే, ఆ పై ఆదివారం చిన్నాయనా, మేస్త్రీ మా ఇంట్లో అన్నం తిన్నారు. నాయన తలెత్తలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ప్రార్థన చేసేది నేనే. నాకు గిట్టని మనిషి పేరు వచ్చినప్పుడు ఆమెన్ అనబుద్ధి కాదు. అయినా ముందు ఆమెన్ అనేస్తాను. మనసు వెనకాల నిదానంగా వస్తుంది. మేస్త్రీ పక్కన కూర్చుని అన్నం తినడానికి మా నాయనకు నాలుగేళ్ళు పట్టింది.